లైబ్రేరియన్ కావాలనుకుంటే ముందు కౌంటర్ దగ్గర నిలబడండి

పుస్తకాలంటే ప్రాణం, అందుకే లైబ్రేరియన్ కావాలనుకుంటున్నాను అని చాలామంది అంటారు. ఆ ఇష్టం ఉండాల్సిందే. అయితే ఈ ఉద్యోగంలో రోజంతా చదువుతూ కూర్చునే వీలుండదు. ఎవరో ఒకరు వస్తూనే ఉంటారు, ఏదో ఒకటి అడుగుతూనే ఉంటారు. తమకు కావలసింది ఏమిటో వాళ్లకే సగం తెలుసు, ఆ సగాన్నీ సరిగా చెప్పలేరు. మిగతాది ఓపికగా రాబట్టి, సరైన పుస్తకం చేతిలో పెట్టడమే అసలు పని. అందులో మీకు ఆనందం ఉందో లేదో కాలేజీ ఫీజు కట్టక ముందే తెలుసుకోవచ్చు. అందుకే నేను చెప్పే క్రమం మామూలుగా చెప్పే క్రమానికి ఎదురుగా ఉంటుంది: ముందు కౌంటర్, తర్వాత డిగ్రీ.

ఇంకో రంగంలో ఉన్నాం, ఇప్పుడు రావచ్చా అని సందేహించేవారికి ఒక మాట. గ్రంథాలయ శాస్త్రానికి ఐదు సూత్రాలు ఇచ్చిన ఎస్.ఆర్. రంగనాథన్ గణితం బోధించే అధ్యాపకుడు. 1924లో మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయ బాధ్యత చేపట్టారు, 1931లో ఆ సూత్రాలను ప్రచురించారు. పుస్తకాలు ఉపయోగించడానికే, ప్రతి పాఠకుడికీ తన పుస్తకం ఉంటుంది, ప్రతి పుస్తకానికీ తన పాఠకుడు ఉంటాడు, పాఠకుడి సమయం వృథా చేయకూడదు, గ్రంథాలయం ఎప్పుడూ పెరుగుతూ ఉండే జీవి. ఈ ఐదింటినీ ఇప్పుడే కంఠస్థం చేయండి. పనిలో ఏ సందిగ్ధం వచ్చినా వీటిలో ఏదో ఒకటి దారి చూపిస్తుంది.

పబ్లిక్ లైబ్రరీయా, పాఠశాలా?

ఉద్యోగం పేరు ఒకటే అయినా రెండు చోట్లా పని వేరు.

పబ్లిక్ లైబ్రరీ తలుపు అందరికీ తెరిచి ఉంటుంది. అక్షరాలు రాని పసివాడు, ఉద్యోగ దరఖాస్తు నింపలేక ఇబ్బంది పడుతున్న యువకుడు, రోజూ అదే కుర్చీలో కూర్చుని పత్రికలన్నీ చదివే పెద్దాయన, కాసేపు నీడపట్టున కూర్చోవడానికి వచ్చిన మనిషి, అందరూ మీ పాఠకులే. జనానికి తీరిక దొరికేది సాయంత్రాలూ సెలవు రోజులూ కాబట్టి ఆ వేళల్లో మీరు పనిలో ఉండాలి. తోటి సిబ్బంది సాధారణంగా ఉంటారు, తెలియనిది అడిగి నేర్చుకోవచ్చు.

పాఠశాలలో ఎవరు వస్తారో ముందే తెలుసు. అదే పిల్లల్ని ఏళ్ల తరబడి చూస్తారు, ఎవరికి ఏ పుస్తకం నచ్చిందో గుర్తుంటుంది. చాలా పాఠశాలల్లో గ్రంథాలయానికి మీరు ఒక్కరే దిక్కు. పుస్తకాలు తెప్పించడం, క్యాటలాగు (ఏ పుస్తకం ఎక్కడుందో చూపే పట్టిక) చేయడం, చిరిగినవి అతికించడం, పీరియడ్‌లో పాఠం చెప్పడం, ఏడాది చివర స్టాక్ సరిచూడడం, అన్నీ మీ చేతుల మీదుగానే జరగాలి. సమాచారం ఎలా వెతకాలి, దొరికినదాన్ని ఎంతవరకు నమ్మాలి అని పిల్లలకు నేర్పడం ఇక్కడ పనిలో సగభాగం. బోధన ఇష్టం లేనివారు పాఠశాల వైపు రాకపోవడమే మంచిదని నా అభిప్రాయం.

తేల్చుకోవడానికి, అనుమతి అడిగి రెండు చోట్లా ఒక్కో రోజు పూర్తిగా గడపండి. పబ్లిక్ లైబ్రరీలో సాయంత్రం రద్దీ వేళ కౌంటర్ పక్కన ఉండండి. పాఠశాలలో మధ్యాహ్న విరామం చూడండి, పిల్లలంతా ఒక్కసారిగా వచ్చి పడేది అప్పుడే. పుస్తకాలను వదిలేసి లైబ్రేరియన్‌ను గమనించండి. గంటలో ఎన్నిసార్లు లేచారు, ఎన్ని ప్రశ్నలకు మళ్లీ ప్రశ్నతో జవాబిచ్చారు, ఎవరినైనా విసుక్కున్నారా? ఆ కుర్చీలో మిమ్మల్ని మీరు ఊహించుకోగలిగితే ముందుకు వెళ్లండి.

అరల దగ్గర కొన్ని వారాలు

తర్వాత స్వచ్ఛందంగానో సహాయకుడి ఉద్యోగంలోనో తిరిగొచ్చిన పుస్తకాలను అరల్లో సర్దే పని సంపాదించండి. చిన్న పని అని చులకన చేయవద్దు. జనం ఏమి తీసుకెళ్తున్నారో, ఏది నలుగుతోందో, ఏది కదలడమే లేదో చేతులకు తెలిసేది ఇక్కడే.

పబ్లిక్, పాఠశాల గ్రంథాలయాల్లో ఎక్కువగా కనిపించేది డ్యూయీ దశాంశ వర్గీకరణ. మెల్విల్ డ్యూయీ 1876లో దీన్ని తొలిసారి ప్రచురించాడు. విజ్ఞానాన్ని పది ప్రధాన తరగతులుగా, ఒక్కోదాన్ని మళ్లీ పదిగా విడగొడుతూ పోతుంది. 500 అంటే విజ్ఞాన శాస్త్రాలు, 520 ఖగోళం, 590 జంతువులు, 641.5 వంట, 796 క్రీడలు. తెలుగు సాహిత్యం 894.827 దగ్గర ఉంటుంది. పట్టికంతా బట్టీ పట్టనక్కర్లేదు, సర్దుతూ ఉంటే అదే వస్తుంది.

కొత్తవాళ్లు తడబడేది దశాంశ బిందువు దగ్గర. మీ చేతిలో మూడు పుస్తకాలున్నాయి అనుకోండి. కుక్కల పెంపకం 636.7, పిల్లుల పెంపకం 636.8, వేటకుక్కల జాతులు 636.752. చాలామంది 752 ఎనిమిది కంటే పెద్దదని మూడోదాన్ని పిల్లుల తర్వాత పెడతారు. బిందువు తర్వాత ఒక్కో అంకెనూ విడిగా పోల్చాలి: ఏడు ఎనిమిది కంటే ముందు కాబట్టి 636.752 కుక్కల దగ్గరే ఉండాలి, పిల్లుల దాకా రాకూడదు. తప్పు చోటికి వెళ్లిన పుస్తకం దొంగతనానికి గురైనట్టే. క్యాటలాగు ఉందంటుంది, అరలో కనిపించదు, పాఠకుడు వట్టి చేతులతో వెళ్లిపోతాడు. అందుకే రోజూ కొన్ని అరల్లో లేబుళ్లు చదువుకుంటూ వరస సరిచూసే అలవాటు ఇప్పుడే చేసుకోండి.

ప్రకటనల నుంచి వెనక్కి లెక్కపెట్టండి

కోర్సులో చేరే ముందు, మీరు పనిచేయాలనుకునే ప్రాంతంలో వచ్చిన లైబ్రేరియన్ ఉద్యోగ ప్రకటనలను సేకరించండి. పాతవైనా ఫర్వాలేదు. ఏ డిగ్రీ అడుగుతున్నారు, వయోపరిమితి ఎంత, పాఠశాల పోస్టుకు ఉపాధ్యాయ అర్హత కూడా కావాలా, ఏ సాఫ్ట్‌వేర్ తెలిసి ఉండాలి, పోటీ పరీక్ష ఉందా అన్నవి ఒక కాగితం మీద రాసుకోండి. నిబంధనలు దేశానికీ రాష్ట్రానికీ మారిపోతాయి. కొన్ని చోట్ల గ్రంథాలయ శాస్త్రంలో బ్యాచిలర్ డిగ్రీ చాలు, కొన్ని చోట్ల మాస్టర్స్ లేనిదే దరఖాస్తే తీసుకోరు. అమెరికాలో లైబ్రేరియన్ పోస్టులకు అమెరికన్ లైబ్రరీ అసోసియేషన్ గుర్తించిన మాస్టర్స్ డిగ్రీని సాధారణంగా అడుగుతారు, పాఠశాలలో పనిచేయడానికి చాలా రాష్ట్రాల్లో ఉపాధ్యాయ ధ్రువపత్రం కూడా ఉండాలి. ఈ కాగితం చేతిలో లేకుండా కోర్సు ఎంచుకోవద్దు. డబ్బూ కాలమూ పోసి తెచ్చుకున్న పట్టా మీ ప్రాంతంలో చెల్లకపోతే ఆ నష్టం పూడ్చుకోవడం కష్టం.

కోర్సుల్లో నాలుగు విషయాలు చూడండి. క్యాటలాగింగ్, వర్గీకరణ చేతితో చేయిస్తారా, ఊరికే సిద్ధాంతం చెబుతారా? రిఫరెన్స్ సేవ, అంటే పాఠకుడి ప్రశ్నకు జవాబు వెతికిపెట్టడం, మీద ప్రత్యేక పాఠం ఉందా? బాల సాహిత్యం ఉందా? ఏదైనా గ్రంథాలయంలో కొన్ని వారాలు పనిచేసే శిక్షణ ఉందా? చివరిది లేని కోర్సును నేనైతే పక్కన పెడతాను. దూరవిద్య తప్పేమీ కాదు, పనిచేస్తూ చదివేవారికి నిజానికి అదే మంచిది. పొద్దున పాఠంలో చదివింది సాయంత్రం కౌంటర్ దగ్గర కనిపిస్తుంది.

ఇంట్లోనే ఒక క్యాటలాగు

చదువుతుండగానే చేయదగిన పని ఇది. గ్రంథాలయాల క్యాటలాగు, జారీ పనులు చూసే కోహా అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌ను మీ కంప్యూటర్‌లో పెట్టుకోండి. న్యూజిలాండ్‌లోని హొరోఫెనువా లైబ్రరీ ట్రస్ట్ కోసం తయారై 2000లో వాడకంలోకి వచ్చిన ఈ సాఫ్ట్‌వేర్ ఇప్పుడు ప్రపంచంలో ఎన్నో గ్రంథాలయాల్లో నడుస్తోంది. ఇంట్లో ఉన్న పుస్తకాలనే అందులో ఎక్కించండి.

ఎక్కించేటప్పుడు మార్క్ అనే నమూనా ఎదురవుతుంది. క్యాటలాగు కార్డుల్లోని సమాచారాన్ని యంత్రం చదవగలిగేలా 1960ల్లో అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో హెన్రియెట్ అవ్రామ్ నాయకత్వంలో దీన్ని రూపొందించారు. ప్రతి వివరానికీ ఒక సంఖ్య ఉంటుంది: ఐఎస్‌బీఎన్‌కు (పుస్తకాన్ని గుర్తించే అంతర్జాతీయ సంఖ్య) 020, డ్యూయీ సంఖ్యకు 082, రచయితకు 100, పుస్తకం పేరుకు 245, విషయానికి 650. మొదట కొరుకుడు పడనట్టు ఉంటుంది, ఇరవై ముప్పై పుస్తకాలు దాటాక వేళ్లకు అలవాటవుతుంది. ఐఎస్‌బీఎన్ 2007 నుంచి 13 అంకెలకు మారింది కాబట్టి అంతకు ముందు వచ్చిన పుస్తకాల మీద సాధారణంగా 10 అంకెలే ఉంటాయి, కంగారు పడకండి.

శ్రద్ధ పెట్టాల్సింది 650 దగ్గర. ఒక పుస్తకానికి విషయం ‘కుక్కలు’ అనీ, మరోదానికి ‘శునకాలు’ అనీ ఎక్కించారనుకోండి. కుక్కల కోసం వెతికిన పిల్లవాడికి రెండో పుస్తకం ఎప్పటికీ కనిపించదు. ఒక విషయానికి ఒకే పదం ఖాయం చేసుకుని, మిగతా పదాల నుంచి అక్కడికి దారి వేయాలి. ఈ క్రమశిక్షణ వచ్చినవారికి క్యాటలాగింగ్ వచ్చినట్టే.

అడిగిన ప్రశ్న వెనుక అసలు ప్రశ్న

ఇక నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించే విషయం. మనసులో మెదిలే అవసరం కౌంటర్ దగ్గరికి వచ్చేసరికి ఎలా రూపం మారుతుందో రాబర్ట్ టేలర్ అనే పరిశోధకుడు 1968లో నాలుగు దశలుగా వివరించాడు. మొదట మాటకందని వెలితి, తర్వాత అస్పష్టమైన ఆలోచన, ఆ తర్వాత స్పష్టమైన ప్రశ్న. చివరికి ఈ గ్రంథాలయంలో ఏమి దొరుకుతుందో తానే అంచనా వేసుకుని, దానికి తగ్గట్టు కుదించుకున్న ప్రశ్న. మీకు వినిపించేది ఈ నాలుగోదే.

ఒక పిల్లవాడు వచ్చి “జంతువుల పుస్తకాలు ఎక్కడున్నాయండీ?” అని అడుగుతాడు. 590 వైపు వేలు చూపిస్తే వెళ్తాడు, కాసేపు తిరుగుతాడు, ఏమీ తీసుకోకుండా పోతాడు. అలా కాకుండా లేచి అతనితో నడుస్తూ “ఏ జంతువు గురించి చూస్తున్నావు?” అని అడగండి. “కుక్క” అంటాడు. “కుక్క గురించి ఏమి తెలుసుకోవాలని ఉంది?” కాస్త ఆగి “మా కుక్క నిన్నటి నుంచి ఏమీ తినడం లేదు” అంటాడు. అతనికి కావలసింది 590లో లేనే లేదు. కుక్కల ఆరోగ్యం 636.7089 దగ్గర ఉంటుంది. దానికంటే ముందు పశువైద్యుడి దగ్గరికి వెళ్లాలని ఇంట్లో పెద్దవాళ్లకు చెప్పమనాలి. రెండే ప్రశ్నలతో ఇంత తేడా వచ్చింది.

ఇందుకు కొన్ని పద్ధతులున్నాయి. అవును, కాదు అని తెగిపోయే ప్రశ్నలు మొదట్లో వేయవద్దు. ‘ఎలాంటిది’, ‘దేని గురించి’, ‘ఇంతకు ముందు ఎక్కడ చూశారు’ అని అడిగితే మాట సాగుతుంది. ‘ఎందుకు’ అని మాత్రం అడగకండి. అప్పుల గురించో, జబ్బు గురించో, విడాకుల గురించో పుస్తకం అడిగిన మనిషికి ఆ ప్రశ్న నిలదీసినట్టు ఉంటుంది. ‘దీనితో ఏమి చేయాలనుకుంటున్నారో చెబితే సరైనది వెతుకుతాను’ అంటే గౌరవం మిగులుతుంది. విన్నది మీ మాటల్లో ఒకసారి తిరిగి చెప్పండి, తప్పుగా అర్థం చేసుకుంటే వాళ్లే సరిదిద్దుతారు. వైద్యం, చట్టం విషయాల్లో నమ్మదగిన ఆధారం చూపించడం వరకే మీ హద్దు. మందు పేరు చెప్పడం, కేసు గెలుస్తారనడం మన పని కాదు. చివరగా “మీరు వెతుకుతున్నది దొరికిందా?” అని తప్పక అడగండి. తల ఊపి వెళ్లిపోబోయేవారు కూడా ఈ ప్రశ్నకు ఆగి, “నిజానికి నాకు కావలసింది...” అని మొదలుపెడతారు.

దీన్ని స్నేహితుడితో సాధన చేయవచ్చు. అతను ఒక నిజమైన అవసరం మనసులో పెట్టుకుని, దాని చుట్టూ తిరిగే మసక ప్రశ్న ఒకటి అడగాలి. అయిదు ప్రశ్నల్లో మీరు అసలుదాన్ని పట్టుకోవాలి.

దీనికి తోడుగా చదువు ఉండాలి, మీకు నచ్చని రకం చదువు కూడా. మీరు నవలలే చదివేవారైతే క్రికెట్ మీద, మొక్కల పెంపకం మీద, బొమ్మల కథలు, కౌమారంలో ఉన్నవారి కథలు చదవండి. ఒక నోటు పుస్తకంలో ఒక్కోదానికి ఒక్క వాక్యం చాలు: ఇది ఎవరికి నచ్చుతుంది? “నాకు చదవడం ఇష్టం లేదు” అనే పిల్లవాడు మీ ముందు నిలబడినప్పుడు ఆ నోటు పుస్తకం విలువ తెలుస్తుంది. చివరిసారి ఏ కథ నచ్చిందో అడగండి, అది సినిమా అయినా సరే, ఆట అయినా సరే. అక్కడి నుంచి పుస్తకానికి దారి దొరుకుతుంది. అతని తరగతికి ఇది తక్కువ స్థాయి పుస్తకం, అది ఎక్కువ స్థాయి పుస్తకం అని చేతిలోంచి లాక్కోవద్దు. ఇష్టంతో తీసుకున్న సులువైన పుస్తకం మీరు బలవంతంగా అంటగట్టిన గొప్ప పుస్తకం కంటే ఎక్కువ మేలు చేస్తుంది.

దరఖాస్తు, ఇంటర్వ్యూ

మొదటి ఉద్యోగం తాత్కాలికమో, సగం రోజు పనో, సెలవులో ఉన్నవారి స్థానమో కావచ్చు. పాఠకులతో మాట్లాడే పని ఉంటే తీసుకోండి. పెద్ద సంస్థలో ఒకే బల్ల దగ్గర ఒకే పని చేసే ఏడాది కంటే, అన్నీ మీరే చేయాల్సిన చిన్న గ్రంథాలయంలో గడిపే ఏడాదికి నేను ఎక్కువ విలువ ఇస్తాను.

దరఖాస్తుతో పాటు చూపించడానికి మీ పని ఉంచుకోండి: కోహాలో చేసిన కొన్ని క్యాటలాగు ఎంట్రీలు, నాలుగేళ్ల పిల్లల కథా సమయానికి వేసిన ప్రణాళిక, ఒక విషయం మీద ఎంచి ఇచ్చిన పుస్తకాల జాబితా. ఇంటర్వ్యూకు ముందు ఆ గ్రంథాలయానికి మామూలు పాఠకుడిలా ఒకసారి వెళ్లి రండి. ఏమి చూశారో చెప్పగలిగితే చాలు, ఎదుటివారు నిటారుగా కూర్చుంటారు. పబ్లిక్ లైబ్రరీకి వెళ్లేవారు ఇఫ్లా (గ్రంథాలయ సంఘాల అంతర్జాతీయ సమాఖ్య), యునెస్కోల పబ్లిక్ లైబ్రరీ ప్రణాళికా పత్రం చదివి వెళ్లాలి. 1949లో మొదట వచ్చింది, 2022లో తాజా రూపం ఇచ్చారు, కొన్ని పేజీలే. పాఠశాల గ్రంథాలయాలకు 1999లో విడిగా ఒకటి వచ్చింది.

బడ్జెట్ సగానికి తగ్గిస్తే ఏమి చేస్తారు అన్నది తరచూ అడిగే ప్రశ్న. దేన్ని ముందు తగ్గిస్తారో, దేన్ని ఎట్టి పరిస్థితిలోనూ తగ్గించరో కారణంతో చెప్పండి. సర్దుకుపోతాను అంటే జవాబు చెప్పనట్టే.

మొదటి ఏడాది

చేరిన వెంటనే అలమరలన్నీ జరిపేయాలనిపిస్తుంది. కొన్ని నెలలు ఆగండి. జారీ అయిన పుస్తకాల నివేదికను సాఫ్ట్‌వేర్ నుంచి తీసి, జనం దేని కోసం వస్తున్నారో చూడండి. పాఠశాల అయితే ఒక్కో ఉపాధ్యాయుడి దగ్గరికి వెళ్లి వచ్చే నెలలో ఏ పాఠం చెబుతున్నారో అడిగి, దానికి తగిన పుస్తకాల కట్ట తరగతికి పంపండి. అడగకుండానే సాయం అందుకున్న ఉపాధ్యాయుడు మరుసటి నెల తానే వస్తాడు.

చిరిగిన పేజీలకు మామూలు ప్లాస్టిక్ టేపు వేయకండి. అది పసుపు రంగుకు తిరిగి కాగితాన్ని పాడుచేస్తుంది. పుస్తకాల మరమ్మతుకు తయారుచేసిన పలుచని కాగితపు టేపు దొరుకుతుంది.

తర్వాత మనసుకు కష్టంగా ఉండే పని, పుస్తకాల తొలగింపు. అంతర్జాతీయ ఖగోళ సంఘం 2006లో ప్లూటోను మరుగుజ్జు గ్రహంగా వర్గీకరించింది. ఆ మాట తెలియని ఖగోళ పుస్తకం మీ 523.4 అరలో ఉంటే, దాన్ని నమ్మి ప్రాజెక్టు రాసిన పిల్లవాడికి మీరు అన్యాయం చేసినట్టే. తప్పుదారి పట్టించేది, బాగు చేయలేనంత పాడైనది, కొత్త కూర్పు వచ్చినది, పసలేనిది, మీ పాఠకులకు సంబంధం లేనిది, ఇంకో చోట సులువుగా దొరికేది, ఈ ఆరు గీటురాళ్లతో చూడండి. స్థానిక రచనలను, ఇంకెక్కడా దొరకని పాత ప్రతులను ఈ లెక్కలోంచి మినహాయించండి. పై అధికారి లిఖితపూర్వక అనుమతి లేకుండా ఒక్కటీ తీయవద్దు. గ్రంథాలయానికి వచ్చిన ప్రతి పుస్తకాన్నీ రాసే యాక్సెషన్ రిజిస్టర్‌లో తేదీతో నమోదు చేశాకే బయటికి పంపండి.

పుస్తకాల ఎంపికకు మీ గ్రంథాలయంలో రాతపూర్వక విధానం ఉందేమో చూడండి. లేకపోతే మొదటి ఏడాదిలోనే రాయించి యాజమాన్యంతో సంతకం చేయించండి. ఈ పుస్తకం ఇక్కడ ఉండకూడదు అంటూ ఎవరో ఒకరు తప్పకుండా వస్తారు. కూర్చోబెట్టి పూర్తిగా వినండి, పుస్తకం మొత్తం చదివారా అని మర్యాదగా అడగండి, ఫిర్యాదు ఫారం ఇచ్చి అభ్యంతరం రాసివ్వమనండి. కమిటీ తేల్చేదాకా పుస్తకాన్ని అరలోనే ఉంచండి. ఎవరు ఏ పుస్తకం తీసుకున్నారన్న వివరం కూడా ఆ విధానంలో ఉండాలి: దాన్ని ఎవరు చూడవచ్చు, ఎంతకాలం దాచాలి, పుస్తకం తిరిగి వచ్చాక ఎప్పుడు చెరిపేయాలి. పొరుగువాడు ఏమి చదువుతున్నాడో మీ కౌంటర్ దగ్గర తెలుస్తుందని ఊరికి అనుమానం వస్తే, నిజంగా అవసరమున్న మనిషి ఆ పుస్తకం అడగడానికి మళ్లీ రాడు.